టీచరమ్మ తోలుపెట్టె

నేనొక తోలుపెట్టెను. మాది కెనడాలోని ఒంటారియో రాష్ట్రం. నాకు పేరంటూ లేదు గానీ నన్ను మోసిన మనిషికి మంచి పేరే ఉంది. ఆగ్నెస్ మెక్‌ఫెయిల్. 1890లో గ్రే కౌంటీలో రైతు ఇంట పుట్టింది. స్ట్రాట్‌ఫర్డ్‌లో టీచరు ట్రైనింగు ముగించి పల్లెబడిలో ఉద్యోగానికి బయల్దేరినప్పుడు ఆవిడ కాగితాలు, రెండు జతల బట్టలు నాలోనే సర్దుకుంది.

అప్పట్లో పల్లెటూరి టీచరమ్మకి సొంత ఇల్లు ఎక్కడిది? ఊరు మారితే ఎవరో ఒకరింట్లో గది, వాళ్ల పొయ్యి మీదే తిండి. పోర్ట్ ఎల్గిన్, కిన్‌లాస్, షారన్, మధ్యలో కొన్నాళ్లు దూరాన ఆల్బర్టా. నా మూలలు అరిగింది ఆ తిరుగుళ్లలోనే. కిన్‌లాస్‌లో ఒక దుకాణదారు ఇంట్లో బస. పొద్దుగూకితే అక్కడ దిగుమతి సుంకాల మీద వాదనలు మొదలయ్యేవి. రైతు పండించిన దానికి ధర ఉండదు, అతను కొనే యంత్రానికి మాత్రం సుంకం కట్టాలి. ఈ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మా టీచరమ్మ దాన్ని అక్కడే నేర్చుకుంది. షారన్‌కి వచ్చాక యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఒంటారియో అనే రైతు సంఘంలో చేరింది.

1921లో ఆ రైతులే ఆవిడను పార్లమెంటుకి నిలబెట్టారు. టిక్కెట్టు ఆడమనిషికి ఇచ్చారని సొంత మనుషుల్లోనే కొందరు గొణిగారు, తప్పుకొమ్మన్నారు. తప్పుకోలేదు, గెలిచింది. 235 మంది సభ్యుల సభలో ఏకైక మహిళ. 1935 దాకా రెండో మహిళ ఆ సభకు గెలిచి రాలేదు. ఆవిడ ఏం మాట్లాడిందన్న దానికంటే ఏం కట్టుకుందన్న దాని మీదే పత్రికలవాళ్లకి ఆసక్తి. ఆవిడ పెట్టెలో ఏముందో మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే నేను చెప్పేదాన్ని: బడిపిల్లలకు కవాతు నేర్పడానికి సర్కారు ఇచ్చే డబ్బు ఆపాలన్న కాగితాలు. ఏడాది మారినా అవే. నెగ్గేవి కావు. ఎక్కం రాని పిల్లాడికి మళ్లీ మొదటినుంచి చెప్పడం అలవాటైన మనిషికి అదొక లెక్కా?

1929లో జెనీవా కూడా చూశాను. నానాజాతి సమితికి కెనడా ప్రతినిధిగా వెళితే, ఆడవాళ్ల విషయాలు చూసే కమిటీలో కూర్చోమన్నారు. ఆవిడ నిరాయుధీకరణ కమిటీలోనే కూర్చుంటానని పట్టుబట్టి కూర్చుంది. కింగ్‌స్టన్ జైలు గేటు దగ్గర ఆడవాళ్లకు ప్రవేశం లేదంటే, తాను వచ్చింది ఎంపీగా అని చెప్పి లోపలికి నడిచిందట. ఖైదీల బాధల మీద ఆవిడ ఏళ్ల తరబడి వేసిన కేకలకు 1936లో ప్రభుత్వం ఆర్షాంబో కమిషన్ వేయక తప్పలేదు. 1940లో మాత్రం ఓడిపోయింది. పోలింగు రోజున మంచు తుఫాను, ఊళ్ల నుంచి రైతులు కదల్లేకపోయారు. అప్పట్లో మాజీ సభ్యులకు పింఛను కూడా లేదు. ఆ రోజుల్లో నేను చాలా తేలిగ్గా ఉండేదాన్ని.

ఇక్కడినుంచే నేను అసలు చెప్పాలనుకున్నది. 1943 ఆగస్టులో టొరంటో పక్కన యార్క్ ఈస్ట్‌లో నిలబడి ఒంటారియో శాసనసభకు గెలిచింది. ఆవిడతో పాటు రే లకాక్ కూడా. ఆ సభకు ఎన్నికైన మొదటి మహిళలు వీళ్లిద్దరే. వాళ్ల పార్టీ, కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, అందరూ సీసీఎఫ్ అనేది, 34 సీట్లు తెచ్చుకుంది. అధికారం దక్కిన జార్జ్ డ్రూ కన్సర్వేటివ్‌లకు 38. ఎంత దగ్గరకొచ్చిందో చూశారా! 1945లో అదే పార్టీ 8కి పడిపోయింది, మా టీచరమ్మ సీటూ పోయింది. 1948లో మళ్లీ గెలిచింది.

ఆ రెండో దఫాలో నాలో ఎప్పుడూ ఉన్న కాగితం ఒకటుంది: ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే పనికి ఒకే జీతం. ప్రతిపక్షం బెంచీ మీద కూర్చున్నవాళ్ల బిల్లుకు ఆయుష్షు తక్కువని మీకు తెలియంది కాదు. సభలో మాట్లాడనిస్తారు, పాస్ కానివ్వరు. కాకపోతే ఆ మాట పదేపదే చెవిన పడితే పాలకపక్షానికే ఇబ్బంది పుడుతుంది. 1951లో లెస్లీ ఫ్రాస్ట్ ప్రభుత్వం తానే బిల్లు తెచ్చి పాస్ చేయించుకుంది. కెనడా రాష్ట్రాల్లో అలాంటి చట్టం అదే మొదటిది. అదే ఏడు నవంబరులో ఎన్నికలొచ్చాయి. సీసీఎఫ్‌కి రాష్ట్రమంతా కలిపి రెండు సీట్లు మిగిలాయి. వాటిలో యార్క్ ఈస్ట్ లేదు.

పని ఒకరిది, సంతకం ఇంకొకరిది. నాకు మండుకొచ్చింది గానీ ఆవిడకి అంతగా పట్టినట్టు లేదు. పిల్లాడు పాసయితే మార్కుల కాగితం మీద టీచరు పేరు ఎవరు వేస్తారు?

1954 ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. ప్రధానమంత్రి సెనేటుకి పంపాలనుకుంటున్నారని అప్పట్లో చెప్పుకున్నారు. అది అందేలోపే ప్రాణం పోయింది. 2017లో కెనడా నూట యాభై ఏళ్ల పండగకి వేసిన పది డాలర్ల నోటు మీద నలుగురి బొమ్మల్లో ఆవిడదీ ఒకటి. ఫ్రాస్ట్ గారి బొమ్మ లేదు.

ఆ 1951 చట్టంలో ఒక లొసుగు ఉండిపోయింది. అది ఒకే పనికే వర్తించింది. ఆడవాళ్లే ఎక్కువగా చేసే పనులకు జీతాలు తక్కువగానే ఉండిపోయాయి. మీ అమ్మాయిలెవరైనా ఒంటారియోలోని బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఉద్యోగం చేస్తుంటే అడిగి చూడండి, జీతం చీటీ వెనక ఈ కథ తెలుసేమో. సమాన విలువ గల పనికి సమాన జీతం అన్న చట్టం ఒంటారియోలో 1987 దాకా రాలేదు.