ప్లగ్గు పద్యాలు రెండు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ రెండు ఆటవెలదుల కవి ఎవరో తెలియదు. మకుటం లేదు, కృతిపతి లేడు, వంశవర్ణన అసలే లేదు. కాగితం మీది గ్రీజు మరక ఒక్కటే లభ్యమైన ఆధారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కొలచల మల్లినాథసూరి మెదకు సీమవాడు. మూలాన్ని దాటి పోనని ప్రతిజ్ఞ చేసి మరీ రాశాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. మూలంలో లేని పానాలు, సాకెట్లు కూడా ఇందులో దొర్లుతాయి.

శాస్త్రమన్నాక నాలుగు అనుబంధాలు చెప్పాలి. విషయం: స్పార్క్ ప్లగ్గులు, వాటి నెత్తిన కూర్చునే ఇగ్నిషన్ కాయిళ్లు. ప్రయోజనం: బండి మిస్సింగ్ కొట్టకుండా ఉండడం. సంబంధం: ప్లగ్గు అరిగితే కాయిలు అలిసిపోవడం. అధికారి: పెట్రోలు కారున్నవాడు. డీజిలు ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, నిప్పురవ్వతో పనిలేదు. అందులో ఉండే గ్లో ప్లగ్గులది వేరే శాస్త్రం. కనుక డీజిలువారు ఇక్కడితో లేచి వెళ్లవచ్చు.

మొదటి పద్యం

చల్లబడిన పిదప జాగ్రత్తగా విప్పి
వరుస తప్పకుండ బల్లమీద
పేర్చి రంగు చూచి పిమ్మట కొత్తవి
వేళ్లతోడ తిప్పి బిగువు నెరుగు!

ప్రతిపదార్థం

చల్లబడిన పిదప = ఇంజను పూర్తిగా చల్లారిన తరవాత. ఈ కాలపు సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. వేడి మీద ప్లగ్గు విప్పితే హెడ్డులోని మరలు చెడే ప్రమాదం ఉంది. పిదప అంటే టీ తాగి వచ్చేంత సేపని కొందరు షెడ్డు వ్యాఖ్యాతలు. అది చాలదు. రాత్రి ఆపిన బండిని పొద్దున విప్పడమే శిష్టాచారం.

జాగ్రత్తగా విప్పి = తాళంచెవి తీసి పక్కన పెట్టి, కాయిలు కనెక్టరును తీగ పట్టి లాగక క్లిప్పు నొక్కి ఊడదీసి, బోల్టు విప్పి (చాలా బండ్లలో ఇది 10 మి.మీ. సాకెట్టుకు వస్తుంది), కాయిలును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగి, ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలి కొట్టి ఊది, ఆ తరవాతే ప్లగ్గు సాకెట్టు దింపి విప్పి. ఇన్ని పనులను ఒక్క క్రియలో ఇమడ్చడం గణాల ఇరుకు వల్ల జరిగింది గాని, ఏదైనా మానేయమని కాదు. ముఖ్యంగా దుమ్ము ఊదడం మానితే, గుంతలోని ఇసుక ప్లగ్గు లేచిన మరుక్షణం సిలిండర్‌లోకి దిగుతుంది.

వరుస తప్పకుండ బల్లమీద పేర్చి = ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా 1, 2, 3, 4 అని వరుసగా పెట్టి. అన్నీ డబ్బాలో పడేస్తే అవి వట్టి ఇనుము. వరుసలో ఉంటేనే సాక్షులు.

రంగు చూచి = ప్లగ్గు మొనను పరీక్షించి. లేత గోధుమ రంగో, బూడిద కలిసిన గోధుమ రంగో అయితే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైంది. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా పాలిపోయి బొబ్బలెక్కితే సిలిండర్ అతిగా వేడెక్కుతోంది. నాలుగూ ఒకే రంగులో ఉంటే ఇంజన్ అంతటికీ ఒకటే కథ. ఒక్కటే వేరుగా ఉంటే ఆ ఒక్క సిలిండర్ కథ వేరు. పద్యానికి ప్రాణం ఈ రెండు మాటలే. మార్పించుకునేవాడికి పాత ప్లగ్గు కనబడదు. మార్చుకునేవాడికి అది చేతికి వస్తుంది.

పిమ్మట కొత్తవి = తరవాత కొత్త ప్లగ్గులను. ఇక్కడ ‘అసలైన’ అని అధ్యాహారం చేసుకోవాలి. బజారులో నకిలీలు పెట్టెతో సహా దొరుకుతాయి. బండి పుస్తకంలో చెప్పిన నంబరే తేవాలి. మొన దగ్గరి సందు బండిని బట్టి సాధారణంగా 0.7 నుంచి 1.1 మి.మీ. వరకు ఉంటుంది. కింద పడేసిన ప్లగ్గులో సందు మూసుకుపోవచ్చు, లోపల పింగాణీ చిట్లవచ్చు. దాన్ని బిగించకపోవడం మేలు.

వేళ్లతోడ తిప్పి = పానా తగిలించకుండా, మొదటి చుట్లన్నీ చేత్తోనే ఎక్కించి. గుంత లోతుగా ఉంటే ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం ముక్క తగిలించి తిప్పాలి. మరలు అడ్డంగా పడుతుంటే గొట్టం జారిపోతుంది, ప్లగ్గు కదలదు. పానాకు ఈ వివేకం లేదు. అది అడ్డంగానైనా ఎక్కిస్తుంది.

బిగువు నెరుగు = ఎంత బిగించాలో తెలుసుకో. కవి ‘బిగించు’ అనలేదని గమనించాలి. అల్యూమినియం హెడ్డులో 14 మి.మీ. మరల ప్లగ్గుకు సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరలకు 15 నుంచి 20. టార్క్ రెంచి లేనివాడు వాషరున్న కొత్త ప్లగ్గును చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన పానాతో సుమారు అర చుట్టు తిప్పాలి; కచ్చితమైన కొలత ప్లగ్గు పెట్టె మీదే ఉంటుంది. ఇంకొంచెం బిగిద్దామనే ఆ ఇంకొంచెమే మరలను తినేస్తుంది.

తాత్పర్యం

చల్లారిన ఇంజన్ నుంచి ప్లగ్గులను శుభ్రంగా విప్పి, వరుసగా పెట్టి, అవి చెప్పేది విని, కొత్తవాటిని చేత్తో ఎక్కించి తగినంత బిగించాలని భావం.

పాఠాంతరాలు

‘వరుస’ అన్నాడే గాని ఎన్నో చెప్పలేదు. నాలుగు సిలిండర్ల కార్లు వాడేవారు నాలుగని, మూడు సిలిండర్లవారు మూడని చదువుకుంటారు. పాత హోండా సిటీ ఐ-డీఎస్‌ఐ ఉన్నవారి ప్రతిలో మాత్రం ఎనిమిది అని ఉండాలి. అందులో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. పల్సర్ 200 ఎన్ఎస్ బైకుకు ఒకే సిలిండర్, దానికి మూడు ప్లగ్గులు. సంఖ్య చెప్పకపోవడం కవి మరుపు కాదు, దూరదృష్టి.

శంక: స్కూటరును పక్కకు వంచి, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించిన తరం మనది. ఈ కొత్తవెందుకు?

సమాధానం: ఆ ఆచారం నికెల్ మొన ప్లగ్గులకు, అదీ దారిలో బండి ఆగిన ఆపద్ధర్మానికి. ఇరిడియం ప్లగ్గు మొన సన్నటి తీగ. గరుకు కాగితం, వైరు బ్రష్షు దాన్ని పాడుచేస్తాయి. నికెల్‌వి సుమారు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియంవి లక్ష దాకా నడుస్తాయి. సీఎన్‌జీ మిశ్రమాన్ని అంటించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి కనుక ఆ బండ్లవారు ఇంకా ముందే చూసుకోవాలి.

రెండో పద్యం

కాయిలొకటి తీసి గది మార్చి చూడగా
దోష మచటి కేగ దోషి యదియె
కదలకున్న నింద కాయిల్కు వద్దయా
ప్లగ్గు నడుగు మొదట పద్ధతిగను!

సంగతి

ప్లగ్గు పద్యం ముందు, కాయిలు పద్యం తరవాత రావడానికి కారణం ఉంది. కాయిలు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను 20,000 వోల్టులు దాటిస్తుంది. నడిచేకొద్దీ ప్లగ్గు మొన అరిగి సందు పెరుగుతుంది. సందు పెరిగితే రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ భారమంతా కాయిలు మీద పడి, చివరికి దాని లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. పాత ప్లగ్గుల మీదే కొత్త కాయిలు పెట్టడం రోగిని వదిలేసి రోగికి కాపలా కాసినవాణ్ణి మార్చడమే.

ప్రతిపదార్థం

గది = సిలిండర్. కాయిలు = కాయిలు ఒక్కటే; తీగల కనెక్టరు ఎక్కడిది అక్కడే ఉండాలి. దోషము = మిస్సింగ్. చెక్ ఇంజన్ లైటు వెలిగినప్పుడు స్కానరు పెడితే పీ0302 అని వచ్చిందనుకుందాం. రెండో సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని అర్థం. అచటి కేగ = రెండో కాయిలును మూడో దానిలో, మూడో దాన్ని రెండో దానిలో పెట్టి, కోడు చెరిపి, బండి నడిపితే పీ0303గా మారినప్పుడు. దోషి యదియె = కాయిలే నేరస్థుడు. కదలకున్న = అయినా పీ0302గానే ఉంటే. ప్లగ్గు నడుగు = ప్లగ్గులను కూడా అలాగే మార్చి చూడు.

విశేషం

ఇది అన్వయ వ్యతిరేక పరీక్ష. అది ఉంటే ఇది ఉండడం అన్వయం, అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతి వివరించాడు. ఇక్కడ ఊహించవలసింది నిప్పు లేకపోవడాన్ని. తర్కం మాత్రం అదే, ఖర్చు ఒక బోల్టు విప్పినంత. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం పరీక్షల కోసం ఊరంతా తిరగకూడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అది కాయిలు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు.

గుంతలో నూనె కనబడితే కాయిలు రబ్బరు బూటు ఆ నూనెకు ఉబ్బి చెడుతుంది. అది కాయిలు దోషం కాదు, పై కవరులోని సీళ్లది. సీళ్లు మార్చకుండా కాయిలు మారిస్తే మళ్లీ ఇదే పద్యం చదువుకోవాలి.

ఛందస్సు

రెండూ ఆటవెలదులే. యతులు సరిపోయాయి: చ-జ, వ-బ, పే-పి, వే-బి, కా-గ, దో-దో, క-కా, ప్ల-ప. పద్యానికి గణాల వరుస ఉన్నట్టే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కూ ప్లగ్గులు రవ్వ విసరడంలో సాధారణంగా 1-3-4-2 అనే క్రమం ఉంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు రవ్వ విసురుతుంది. నాలుగూ కలిపి 100. అందులో ఏది తప్పినా సీటు కింద తెలుస్తుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాలు చదివినవారికి ఆటోనగర్‌తో రుణం తీరిపోతుందని కవి ఎక్కడా అనలేదు. మరలు చెడినా, సీళ్లు కారినా, రెండు పరీక్షలకూ మిస్సింగ్ లొంగకపోయినా షెడ్డుకు వెళ్లవలసిందే. ఫలమేమిటంటే, వెళ్లి ‘బండి ఏదో తేడాగా ఉందన్నా’ అని నిలబడకుండా, ‘అన్నా, రెండో సిలిండర్ మిస్సవుతోంది. కాయిలు మార్చి చూశా, ప్లగ్గు మార్చి చూశా, కోడు అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంజెక్టరూ కంప్రెషనూ చూడు’ అని చెప్పగలగడం. అలా చెప్పిన గిరాకీకి నాలుగు కాయిళ్లూ కలిపి అంటగట్టడం ఎంత చేయితిరిగిన మెకానిక్‌కైనా కష్టం.