అడవి లెక్కలవారికి రాజయ్యపేట నుంచి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ పెద్దల సముఖానికి,

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలం రాజయ్యపేట ఒడ్డు నుంచి రాయునది.

దేశంలో అడవి ఎంతుందో చెప్పడానికి తమరు పెట్టుకున్న కొలత విని మురిసిపోయాం. హెక్టారు జాగాలో పది శాతం మేర చెట్ల కొమ్మలు కమ్ముకుంటే చాలట, అడవి ఖాతాలో పడుతుందట. ఏ చెట్టు, ఎవరి భూమి అన్న ఆరాలేవీ ఉండవట. ఆ లెక్కన జీడితోటలూ అడవులే. జీడిపిక్కలేరే మా ఆడవాళ్లు ఇన్నాళ్లూ తమను కూలీలనుకుంటున్నారు, పాపం. వనవాసులన్నమాట!

పోతే, చెట్టు లేని ఇసుక దిబ్బ సంగతేమిటి? రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి, ఊదాపూల తీగ ఇసుకను పట్టి ఉంచుతాయి. తమరి ఖాతాలో మాత్రం అది సున్నా. సున్నా కనిపిస్తే నింపబుద్ధవుతుంది కదా. నింపడానికి చవకైనది సరుగుడు.

సరుగుడును తిట్టను. 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లెవరూ తిట్టరు. గాలికి అడ్డం నిలుస్తుంది, కర్ర అమ్ముడవుతుంది, రాలిన ఆకు పొయ్యిలోకొస్తుంది. కాకపోతే ఆ ఆకు మందంగా పరుచుకున్నచోట గడ్డిపరక కూడా లేవదు. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన చెట్టును అల తగిలేదాకా వరసగా నాటితే ఇక్కడివాళ్లకు చోటుండదు.

ఇక్కడివాళ్లంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా. చలికాలం చివర్లో రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డెక్కి, వెనక రెక్కలతో విడతకు గుప్పెడు చొప్పున ఇసుక ఎత్తిపోస్తూ కుండలాంటి గుంట తవ్వుతుంది. వందకు అటూఇటూ గుడ్లు పెట్టి, పూడ్చి, పొట్టతో అదిమి వెళ్లిపోతుంది. వేర్లు తగిలితే గుంట వదిలేసి తిరిగి నీళ్లలోకి పోవచ్చు. ఇంకో తమాషా: పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. నీడపడి ఇసుక చల్లబడితే మగపిల్లలే ఎక్కువ. కొడుకుల కోసం మొక్కుకునే దేశంలో దీన్ని ప్రభుత్వ పథకమనుకున్నా అనుకుంటారు! శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెడతాం, 1972 వన్యప్రాణి చట్టంలో తాబేలును మొదటి షెడ్యూలులో పెట్టుకున్నాం. తీరా గుడ్డు పెట్టబోతే మొక్కల వరస అడ్డం.

మా పక్కనే బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది, 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. దాని మీద మా జాలర్ల గోడు ఈ కాగితంలో పట్టదు. ఇలాంటి పరిశ్రమలకు మామూలుగా పెట్టే పచ్చదనం షరతు గురించే నా మనవి. పచ్చదనమంటే ఒకే చెట్టు బారులు కాకూడదు. తనిఖీకి వచ్చినవారు మొక్కలెన్నని ఒక్కటే అడక్కుండా, ఎన్ని రకాలని కూడా అడగాలి. మొగలి, పొన్న, కానుగ, తాటి మాకు కొత్తవి కావు. అల తగిలే ముందు వరస జాగాను గడ్డికీ తీగకీ వదిలేసి, సరుగుడును వెనక్కి జరపండి. చెట్టు లేని దిబ్బకు కూడా తమరి పుస్తకంలో ఒక గడి గీయండి.

జవాబు సంక్రాంతిలోపు వస్తే మేలు. ఆ తర్వాత ఒడ్డున మొక్కల కోసం గుంతలు తవ్వితే గునపం గుడ్ల మీద పడుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
రాజయ్యపేట ఒడ్డువాసి