ఏ పంచాంగం ప్రకారం 30 రోజులు?

మహారాజశ్రీ విదేశీ ఈ-సిమ్ డేటా ప్లాన్ల అధికారి గారి సముఖమునకు,

కాకినాడ నుంచి స్టుట్‌గార్ట్ వచ్చిన ఒక అమ్మమ్మ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ పేరు తెలియదు, ఊరు తెలియదు. మీ యాప్‌లో హెడ్‌సెట్ తగిలించుకుని నవ్వే అమ్మాయి బొమ్మ తప్ప మీ తరఫున మనిషన్నవాళ్లెవరూ నాకు తగల్లేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. మీరు చదవకపోయినా మీ ప్లాన్లు కొన్నవాళ్లు చదువుకుంటారు.

ముందుగా మీ దయకు కృతజ్ఞతలు. అమ్మాయికి పురుడు పోయడానికి జర్మనీ వెళ్తున్నామనగానే ‘జర్మనీ, 30 రోజులు, 20 జీబీ’ అని ముచ్చటైన ప్లాన్ చూపించారు. సూదితో పొడిచి సిమ్ తియ్యక్కర్లేదు, ఆ తీసిన సిమ్‌ను పర్సులో దాచి తర్వాత వెతుక్కోనక్కర్లేదు, అంతా గాలిలోనే జరిగిపోతుందన్నారు. జరిగిపోయింది. డబ్బులు కూడా గాలిలోనే కలిసిపోయాయి.

ఇంతకీ ఆ 30 రోజులు ఎప్పుడు మొదలవుతాయయ్యా?

కొనే పేజీలో ‘గమ్యం చేరాకే మొదలు’ అని పెద్దక్షరాలతో రాశారు. విమానాశ్రయంలో వైఫై దొరక్కపోవచ్చు, ఇంటి దగ్గరే ఇన్‌స్టాల్ చేసుకుని బయల్దేరండి అని మీరే చెప్పారు. సరేనని కాకినాడలో, మా హాల్లో, ఫ్యాను కింద కూర్చుని ఆ పని పెట్టుకున్నాం. క్యూఆర్ కోడ్ ఎక్కడికి పంపారు? ఏ ఫోనులోకి సిమ్ ఎక్కాలో సరిగ్గా ఆ ఫోనుకే. ఫోను తన తెర మీది బొమ్మని తన కెమెరాతో ఎలా చూస్తుంది? మా ఆయన బీరువా అద్దం ముందు పట్టుకుని నిలబడ్డారు. ఎదురింటి కుర్రాడు వచ్చి, దాన్ని తన ఫోనుకు పంపించుకుని, ఈ ఫోనుతో స్కాన్ చేయించాడు. ‘యాక్టివ్’ అని ఆకుపచ్చగా వచ్చింది. కాఫీ ఇచ్చి పంపాను.

ఆ ఆకుపచ్చ వెలిగిన క్షణం నుంచే మీ గడియారం తిరుగుతోంది. ఆ ముక్క షరతుల పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైన ఒక మాట, కింద ఒక మాట! కాకినాడలో కూర్చున్నవాళ్లం జర్మనీ సిగ్నల్ ఏం చేసుకుంటామండీ? నేను శొంఠి, వాము, పాత చింతకాయ పచ్చడి, బాలింత కాయం మూటలు కట్టుకుంటున్న రోజులకు కూడా మీరు అద్దె పట్టేశారు.

దాని ఫలితం ఎప్పుడు తెలిసిందో చెప్తాను వినండి. బారసాల నాడు.

అమ్మాయివాళ్లు పిల్ల పుడుతుందని ఇంకో గది ఉన్న ఇంటికి మారారు. కొత్త ఇంటికి ఇంటర్నెట్ లైను ఇంకా రాలేదు. ఈ దేశంలో అద్దె ఇల్లు మారినవాళ్లెవరికీ ఆ సంగతి విప్పి చెప్పక్కర్లేదు. పురోహితుడు గారు హైదరాబాద్ నుంచి అల్లుడి ఫోనులో మంత్రాలు చదువుతున్నారు. అమ్మాయి ఫోను వీడియో తీస్తోంది. నా ఫోనులో కాకినాడ మొత్తం ఉంది: మా అమ్మ, మా చెల్లెలు, ఎదురింటి కుర్రాడి కుటుంబం సహా. ఇక్కడ ఉదయం 9, అక్కడ పన్నెండున్నర. 80 దాటిన మా అమ్మ, పిల్లకు తాతమ్మ, భోజనం చెయ్యకుండా కూర్చుంది, పేరు వినాలని. అల్లుడు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో ‘శ్రీ’ అని రాసి, కింద మొదటి అక్షరం దిద్దాడు. అంతే. మా అమ్మ నోరు తెరిచి ఏదో అడగబోతూ అలాగే బిగుసుకుపోయింది. సిగ్నలేమోనని నేను ఫోను పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తాను. సిగ్నల్ నిండుగా ఉంది. ప్లానే లేదు. తర్వాత మెయిల్ తెరిస్తే మీ ఉత్తరం: గడువు ముగిసింది, మీ ప్రయాణం ఆనందంగా సాగిందని తలుస్తున్నాం.

తలవండి.

మళ్లీ డబ్బు కడదామా అంటే అదో మహాభారతం. మీ యాప్‌లో కార్డు కొడితే మా బ్యాంకు ఓటీపీ పంపుతుంది. ఓటీపీ రావాలంటే ఇండియా సిమ్‌కు రోమింగ్ ఉండాలి. రోమింగ్ పెట్టించాలంటే ఆ సిమ్ కంపెనీ యాప్ తెరవాలి. యాప్ తెరవాలంటే డేటా ఉండాలి. డేటా ఉండాలంటే మీకు డబ్బు కట్టాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి కానక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో నిబంధనలు రాసింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలని తేదీ కూడా వేసింది. మా బ్యాంకు దాకా ఆ గాలి ఎప్పుడు వీస్తుందో!

పైగా ఒకే ఫోనులో రెండు సిమ్‌లు, రెండింటికీ ‘డేటా రోమింగ్’ అనే ఒకే పేరున్న రెండు స్విచ్చులు. మీదేమో ఆన్ చెయ్యాలట, ఇండియాది ఆఫ్ చెయ్యాలట. తారుమారైతే వచ్చే బిల్లు తలుచుకుని మా ఆయన ఆ రెండు స్విచ్చులనూ పొద్దున్నా రాత్రీ సంధ్యావందనంలా చూసుకుంటున్నారు.

అసలు 30 ఎందుకు? 7, 15, 30. ఎవరి బతుకు కొలిచి కత్తిరించారు ఈ ముక్కలు? షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండనిస్తారు. ఆ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి, చూపించాం. బీమావాళ్లు ఉన్నన్నాళ్లకీ రాసి ఇచ్చారు. విమానం కంపెనీ మూడో నెలలో తిరుగు టికెట్ ఇచ్చింది. పురుటికి వచ్చిన ఏ తల్లి నెల తిరక్కుండా వెళ్లిపోతుంది? మీకు మాత్రం విదేశానికి వచ్చేవాడంటే సెల్ఫీ కర్ర పట్టుకుని వారంలో ఆరు ఊళ్లు తిరిగేవాడు. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ అపార్ట్‌మెంట్లలో పసిపిల్లలకు నలుగు పెడుతున్న అమ్మమ్మలూ నానమ్మలూ మీ లెక్కలోకే రారు.

‘ఆల్డీలో సిమ్ కొనుక్కో పిన్నీ, చవక’ అని ఇక్కడి పిల్లలందరూ సలహా ఇచ్చేవాళ్లే. కూరగాయల కొట్లో సిమ్ దొరకడం నిజంగా బాగుంది. కానీ 2017 జులై 1 నుంచి ఈ దేశంలో ప్రీపెయిడ్ సిమ్‌కు గుర్తింపు పత్రం చూపించనిదే ప్రాణం రాదు. ఉగ్రవాదం భయంతో చేసిన చట్టం, తప్పుపట్టను. ఆ చూపించడం చాలాచోట్ల వీడియో కాల్‌లో. అంటే ఇంటర్నెట్ కోసం ఇంటర్నెట్! పాస్‌పోర్టును అటు తిప్పి ఇటు తిప్పి, ముఖం పక్కన పెట్టుకుని, అవతలివాళ్లు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో తలూపాలి. అన్నీ అయ్యాక తెలిసేదేంటంటే, ఇక్కడ కూడా ప్రీపెయిడ్ నెలంటే నాలుగు వారాలే. 28 రోజులు! మన దగ్గర ఆ 28 రోజుల నెలలతో ఏడాదికి 13 రీచార్జీలు చేయించుకుంటుంటే, కనీసం ఒక్క ప్లానైనా 30 రోజులది పెట్టండని 2022లో ట్రాయ్ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఫిబ్రవరిని కనిపెట్టినవాడు ఈ టెలికాం వాళ్ల మూలపురుషుడై ఉంటాడు.

పోనీ ఇండియా సిమ్ ఊడదీసి ఇక్కడి సిమ్ వేసుకుందామంటే, మన నంబరు సిమ్ ఫోనులో ఉంటేనే వాట్సాప్ లాంటివి నడవాలని ఢిల్లీ టెలికాం శాఖ 2025 నవంబర్‌లో ఆదేశమిచ్చింది. అంటే రెండు నంబర్లూ ఒకే ఫోనులో ఉండాలి. తిరిగి తిరిగి మీ ఈ-సిమ్ కాళ్ల దగ్గరికే రావాలి. ఆ సంగతి మీకూ తెలుసు కాబట్టే ఇంత ధీమా.

వచ్చాం. జీబీల గొడవా, రోజుల గొడవా వద్దని ఈసారి ‘యూరప్ అన్‌లిమిటెడ్’ కొన్నాం. ఎస్‌వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం మన మధ్యాహ్నం 12కి, ఇక్కడ ఎండాకాలం కాబట్టి ఎనిమిదిన్నరకి. పిల్లకు నీళ్లు పోసే వేళకు ముందే అది చూడటం నా అలవాటు. ఒకరోజు పొద్దున్నే అమ్మాయి ఆఫీసు మీటింగుకు నా ఫోను హాట్‌స్పాట్ వాడుకుంది. నేను కల్యాణం పెట్టేసరికి మాంగల్యధారణ దాకా బాగానే వచ్చి స్వామి ఆగిపోయారు. ఆయన చేతిలో ఉండాల్సిన చక్రం తెర మధ్యలో తిరుగుతోంది. ఏమిటని అడిగితే మీ హెడ్‌సెట్ బొమ్మ చెప్పింది: రోజువారీ ‘సముచిత వినియోగ పరిమితి’ దాటిందట, అర్ధరాత్రి దాకా వేగం తగ్గుతుందట. అన్‌లిమిటెడ్‌కి పరిమితి! ఆ అర్ధరాత్రయినా ఎవరి అర్ధరాత్రి? జర్మనీదా, కాకినాడదా, మీ సర్వరు ఏ దేశంలో ఉంటే ఆ దేశానిదా? సమాధానం లేదు. బొమ్మ నవ్వుతోంది.

యూరప్ సంగతీ చెప్పుకోవాలి. అల్లుడి స్నేహితులు మమ్మల్ని రైన్ జలపాతం చూపిస్తామని షాఫ్‌హౌజెన్ తీసుకెళ్లారు. స్టుట్‌గార్ట్‌లో ఉండే తెలుగువాళ్లు అత్తమామల్ని తీసుకెళ్లే మొదటి చోటు అదేననుకుంటా. సరిహద్దు దాటామో లేదో తెలిసేలోపే ఫోను మూగబోయింది. ఎందుకంటే మీ యూరప్‌లో స్విట్జర్లాండ్ లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అదనపు రోమింగ్ ఛార్జీలు 2017 జూన్ 15న ఎత్తేశారు, ఆ యూనియన్‌లో స్విట్జర్లాండ్ లేదు, ఒప్పుకుంటాను. అయితే పటంలో ఆ దేశాన్ని ఎందుకు రంగేసి చూపించారు? ఆ పక్కనే బ్యూసింగెన్ అనే ఊరుంది. చుట్టూ స్విట్జర్లాండ్, ఊరు మాత్రం జర్మనీది. అక్కడ నిలబడితే మీ ప్లాన్ ఏ దేశం అంటుందో చూద్దామని మా ఆయనకు కోరిక. నేనే వద్దన్నాను.

ఢిల్లీవాళ్లని కూడా ఒక మాట అనాలి. మన దేశంలో విదేశీ సిమ్ అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి పత్రం ఉండాలి. అది లేకుండా అమ్ముతున్నారని 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను స్టోర్లలోంచి తీయించారు, సైట్లు ఆపించారు. మీరు ఆ ఇద్దరిలో ఎవరూ కారు, మీకా భయం అక్కర్లేదు. మోసాలు ఆపాలనే చేశారు, మంచిదే. కానీ అనుమతి ఉన్నవాళ్ల షరతుల్లో అక్షరాల సైజు ఎంతుండాలో, గడువు ఎక్కడ మొదలవ్వాలో కూడా ఎవరైనా చూడాలి కదా? ఈ జర్మనీలో ఇంటర్నెట్ టెక్నీషియన్ చెప్పిన రోజున రాకపోతే కస్టమర్‌కు 10 యూరోలో, నెల బిల్లులో 20 శాతమో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని 2021 డిసెంబర్ నుంచి చట్టం ఉంది. రాని మనిషికి జరిమానా ఉంది. రాని రోజులు అమ్మినవాళ్లకు ఏముంది?

కోపం వచ్చింది, ఏదో అన్నాను. పెద్దదాన్ని, పట్టించుకోకండి. అసలు విన్నపం ఇది. మరికొన్నాళ్లలో నా వంతు అయిపోయి మా వియ్యపురాలు వస్తున్నారు. రాజమండ్రి మనిషి, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. రోజూ ఫోను: ‘వదిన గారూ, ఏ ప్లాన్ తీసుకోమంటారు? 20 జీబీ సరిపోతుందా? ఇక్కడే ఎక్కించుకోమంటారా, అక్కడ దిగాక ఎక్కించుకోమంటారా?’ ఇంటి లైను అప్పటికి వస్తుందో రాదో. ఆవిడతో నేను అబద్ధం చెప్పలేను, నిజం నాకు తెలియదు. బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది. ఫలానా తేదీ ఫలానా గంటకు మొదలై ఫలానా గంటకు ముగుస్తుంది అని, కొనే బటన్ పక్కనే, చత్వారం కళ్లకు ఆనేలా ఒక్క వాక్యం రాయించండి. ఆవిడ శంషాబాద్‌లో విమానం ఎక్కేలోపు అయితే మరీ సంతోషం. ఆలస్యమైతే ఆవిడ నేరుగా మీకే ఫోను చేస్తానంటున్నారు, నంబరు ఇమ్మని నన్ను అడుగుతున్నారు.

ఇట్లు,
తాత్కాలికంగా స్టుట్‌గార్ట్ నివాసి అయిన ఒక అమ్మమ్మ