నులక మంచానికి రెండో మనిషి

బొట్టు పెట్టి పిలవలేదన్న ఒక్క కారణానికి మా పెదనాన్న కొడుకుతో నేను మాటలు మానేశాను. 2013 వేసవిలో అన్నయ్య కూతురి పెళ్లి. మా నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకీ వెళ్లి పిలుస్తారు. దూరపు చుట్టాలకు ఫోను సరిపోతుంది, అన్నదమ్ముల ఇళ్లకు సరిపోదు. మాకు ఫోనే వచ్చింది. అదీ అన్నయ్య చేసింది కాదు, వాళ్లబ్బాయి చేశాడు. నేను పెళ్లికి వెళ్లలేదు, మా ఆవిణ్ణి వెళ్లనివ్వలేదు. ఆవిడ కట్టుకోవాల్సిన చీర తీసి మంచం మీద పెట్టుకుంది కూడా. దాన్ని మడిచి మళ్లీ బీరువాలో పెట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

బొట్టు పెట్టి పిలవడం చిన్న విషయమని ఇప్పటికీ అనను. అది మంచి ఆచారం. కానీ ఎందుకలా జరిగిందని ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అడగడం నామోషీ అనుకున్నాను. ఆయనే వచ్చి అడగాలి, అప్పుడు చూద్దాం అని పట్టు పట్టాను. మా రెండిళ్ల మధ్య ఒక సందు, ఒక వేపచెట్టు. బస్సుకి వెళ్లాలంటే ఆయన అరుగు ముందు నుంచి దారి. నేను ఊరు చుట్టి చెరువు గట్టు మీదుగా వెళ్లేవాణ్ణి. పిల్లలు వాళ్ల పెదనాన్నతో మాట్లాడితే ముఖం మాడ్చుకునేవాణ్ణి. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి, ఇంట్లో పిల్లలకు ఇది నేర్పాను.

మరుసటి ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటింది కానీ మా జిల్లాలోనూ చెట్టు నిలవలేదు. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి, రేకులు ఎగిరి పొలాల్లో పడ్డాయి. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు పలకలేదు. చీకటి పడ్డాక తలుపు చప్పుడైంది. "ఒరే, అందరూ బాగున్నారేటిరా?" అని గొంతు. అన్నయ్యది. గుర్తుపట్టాను. "బాగానే ఉన్నాం" అని లోపల్నుంచే అన్నాను. గడియ తీయలేదు. మా ఆవిడ లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కాసేపటికి బురదలో అడుగుల చప్పుడు దూరమైంది.

అంత గాలివానలో, సందు నిండా వేపకొమ్మలు విరిగిపడి ఉండగా, ఆ మనిషి ఎలా వచ్చాడన్న ఆలోచనే నాకు రాలేదు. ఫోనుకీ పిలుపుకీ తేడా లెక్కగట్టిన నేను, గడప దాకా నడిచి వచ్చినదాన్ని పిలుపుగా లెక్కలో వేసుకోలేదు. ఆయన రావాలని ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు ఎదురుచూశాను.

ఈ వేసవిలో నాన్న నులక మంచం అటక మీంచి దించాను. రిటైరైన మనిషికి ఎండాకాలం పొద్దు గడవదు. ఉదయం చోడి అంబలి తాగాక, మధ్యాహ్నం వడగాడ్పు మొదలయ్యేలోపు ఏదో ఒక పని చేతిలో ఉండాలి. ప్లాస్టిక్ నవారు మంచం మీద పడుకుంటే వీపు ఉడికిపోతోంది, నులక అయితే కింద నుంచి గాలి ఆడుతుంది. కోళ్లు, పట్టెలు గట్టిగానే ఉన్నాయి. పాత నులక మాత్రం చెయ్యి పెడితే పొడిపొడిగా రాలింది.

ఒకప్పుడు నారకు మాకు కరువుండేది కాదు. తొలకరికి ముందు పడే జల్లులకు గోగు వేసి, పూతకు వచ్చాక కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరవేసేవారు. రెండు మూడు వారాలు ఊరంతా ఆ వాసనే. బెరడు వదిలాక నడుములోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, గట్ల మీద ఆరేసేవారు. బంగారు రంగులో మెరిసేది. నెల్లిమర్ల జూట్‌మిల్లు వంటివి దాన్ని కొనేవి. ఒలిచిన కూలీల చేతులు మాత్రం పాసిపోయేవి. ఆ తర్వాత మిల్లుల్లో చాలావరకు మూతపడ్డాయి, సంచులు ప్లాస్టిక్‌వి వచ్చాయి, గోగు చేలలో మొక్కజొన్న, సరుగుడు వెలిశాయి. చీపురుపల్లి వైపు ఒక రైతు ఇంట్లో మిగిలిన నార ఉందంటే వెళ్లి తెచ్చుకున్నాను.

నార పేనడం ఎలాగో వచ్చింది. అల్లడం దగ్గర ఆగిపోయాను. తాడుని పట్టె కింద నుంచి తీసి ఒకరు అందిస్తుంటే, రెండోవాళ్లు పట్టెకు మోకాలు తన్నిపెట్టి లాగి పట్టాలి. ఒక్కణ్ణే చేస్తే ఈ వరస బిగించేలోపు ఆ వరస జారిపోతోంది. ఊళ్లో ఈ పని బాగా వచ్చినవాడు అన్నయ్య ఒక్కడే. పెదనాన్న దగ్గర నేర్చుకున్నాడు.

పొద్దున్నే వెళ్లి ఆయన అరుగు ముందు నిలబడ్డాను. అరుగు ఎక్కడానికి కాళ్లు రాలేదు. "అన్నయ్యా, నాన్న మంచం అల్లుతున్నాను. బిగువు రావట్లేదు" అన్నాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి నా వెనకే వచ్చాడు. మంచం చూసి, "తాడు తడపనేదేటి? ఎండుతాడుతో బిగువెక్కడొస్తాది?" అన్నాడు. అల్లినదంతా విప్పించి, తాడు బాల్చీలో నానబెట్టించి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన లాగుతున్నాడు, నేను అందిస్తున్నాను. తడితాడు రాసుకుని ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి.

సగం అల్లాక నేనే ఎత్తాను, పెళ్లి పిలుపు సంగతి. ఆయన తాడు వదలకుండా నా మొహంలోకి చూశాడు.

"ఏ బొట్టు? మీ వదిన రాలేదా మీ ఇంటికి? ఆ హడావుడిలో ఎవులు ఎక్కడికెళ్లేరో నాకేటి తెలుసు? తుపాను నాడు నువ్వు తలుపు తియ్యనేదు. అదొక్కటే నాకు గుర్తు."

ఇన్నేళ్లూ బాధపడ్డవాణ్ణి నేననే నమ్మకంతో తిరిగాను. అసలు ఆ పట్టింపు ఒకటుందని కూడా ఆయనకు తెలియదు. ఆయన దగ్గరున్నది నేను చేసిన గాయం. నా మీద పెట్టుకోవాల్సినంత కోపం ఉండీ, నేను అడగ్గానే లేచి వచ్చి తాడు పట్టుకున్నాడు.

తుపాను రాత్రి తలుపు తీయకపోవడం నా తప్పని అన్నయ్యకు అప్పుడే, ఆ మంచం పక్కనే చెప్పాను. "సరేలేరా, తాడందుకో" అన్నాడు. ఆ రాత్రి మా పిల్లలు ఎలా ఉన్నారో చూసి రమ్మని ఆయన్ని పంపింది వదినట. ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు. వెళ్లి తప్పు ఒప్పుకోవాల్సిన బాకీ మాత్రం ఉంది. మా ఆవిణ్ణి కూడా తీసుకుని ఈ ఆదివారం వెళ్తున్నాను.