మడ్ టైరు మహాత్మ్యం

గణపవరం నుంచి నిడమర్రు మీదుగా కొల్లేటి వైపు పోయే దారిలో బండ్లు రెండు జాతులు. ఒకటి ముసురులో కూడా మెరిసే జాతి. టైర్లకు ఎత్తయిన బటన్, పక్కన తెల్ల అక్షరాలు, పైన టైరు పాలిష్. రెండోది ఎండల్లో కూడా బురద వదలని జాతి. తవుడు బస్తాలు, మేత సంచులు, ఐసు, చేపల ట్రేలు మోసే పికప్పులివి. వీటిలో చాలావాటి వెనక చక్రాలకు ఉండేది అరిగాక కొత్త బటన్ అతికించిన రీబటన్ టైరే. రోజూ బురదలో దిగేది రెండో జాతి. బురద కోసమని తయారైన టైరు మాత్రం మొదటి జాతి కాళ్ళకుంటుంది. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర పార్కింగులో నిలబడటమే అది ఏడాది మొత్తంలో చేసే సాహసం.

ఇప్పుడు ఆ వైభవాన్ని పికప్పులకూ అంటించే పని జోరుగా సాగుతోంది. "చవకలో మడ్ టైరొచ్చిందండీ, ఏయించేయండి. చెరువుగట్టు మీద బండి దిగబడితే నన్నడగండి" అంటాడు షాపాయన. దిగబడ్డాక అడగాల్సింది షాపాయన్ని కాదు, పక్క చెరువు దగ్గరున్న ట్రాక్టరాయన్ని. ఆ సంగతి బిల్లు కట్టేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

మడ్ టైరు పని చేసే తీరు తెలిస్తే ఈ హామీ విలువ కూడా తెలుస్తుంది. దాని రబ్బరు దిమ్మల మధ్య వెడల్పాటి సందులుంటాయి. చక్రం తిరిగే జోరుకు సందుల్లో చిక్కిన బురద విసురుగా బయటికి పోవాలి. ఖాళీ అయిన అంచులు మళ్ళీ నేలను పట్టాలి. ఇందుకు రెండు షరతులున్నాయి: చక్రం జోరుగా తిరగాలి, పైబురద కింద గట్టినేల తగలాలి. కొల్లేటి చుట్టుపక్కల నల్లమట్టి ఈ రెండు షరతుల్నీ లెక్కచేయదు. చెరువు తవ్విన మట్టితోనే గట్టు పోస్తారు. వాన పడితే ఆ జిగటమట్టి రుబ్బిన మినప్పిండిలా సందుల నిండా పట్టేసి, ఎంత విదిల్చినా రాలదు. అంత ఖరీదైన బటనూ కాసేపట్లో నున్నగా గుండయిపోతుంది. వదిలించుకుందామని డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే టైరు ఇంకా లోతుకు తవ్వుకుంటుంది. సాదా టైరైతే ఉన్నచోటే జారుతూ కూర్చునేది. మడ్ టైరు మాత్రం ఇరుసు ఆనేదాకా తన ప్రతాపం చూపిస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలన్నారు గానీ, గట్టు మీద దిగబడ్డ పికప్పుకు కుడివైపు సీలావతి చేప, ఎడమవైపు రొయ్య.

వరి రైతుకు ఈ కిటుకు ఏనాడో తెలుసు. చేను కలియబెట్టి దమ్ము చేయడానికే ట్రాక్టరుకు ఇనుప దమ్ముచక్రాలు తగిలిస్తాడు. మట్టిని తవ్వడమే వాటి పని. వాటితోనే తారురోడ్డెక్కితే ఊరంతా తిడుతుంది. మడ్ టైరు తారురోడ్డెక్కితే మాత్రం అదే ఊరు సెల్ఫీ దిగుతుంది.

తారు మీద దాని సంగతులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. సందులు ఎక్కువ కాబట్టి రోడ్డుకు తగిలే రబ్బరు తక్కువ. తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ మోత, మోతతోపాటు డీజిలు ఖర్చు. తాడేపల్లిగూడెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన పికప్పు క్యాబిన్లో మేత ధర మాట్లాడుకోవాలంటే అరవాలి.

ఇక 'చవక' కథ వేరే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. విదేశీ సరుకు తెప్పించాలంటే లైసెన్సు కావాలి. పేరున్న విదేశీ మడ్ టైరు చవకగా దొరికే రోజులు పోయాయి. అలాంటప్పుడు చవకగా దొరికిందంటే అది ఏళ్ళ తరబడి గోడౌన్లో పడున్నదైనా కావాలి, ఎవరో విప్పి అమ్ముకున్నదైనా కావాలి, పాత కేసింగు మీద మడ్ డిజైను అతికించిందైనా కావాలి. రీబటన్‌ను తప్పుపట్టడానికి లేదు. పద్ధతిగా చేస్తే విమానాల టైర్లకే చెల్లుతోంది. దాన్ని కొత్త మడ్ టైరుగా అమ్మడంలోనే ఉంది పైన పటారం, లోన లొటారం.

టైరు పక్కన ఉన్న అక్షరాలన్నీ చదివినా చాలు, సగం మహాత్మ్యం దిగిపోతుంది. వరసగా నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో పుట్టిన టైరని. సైజు పక్కన బరువు అంకె ఉంటుంది. 106 అయితే ఒక్కో టైరు 950 కిలోలు మోస్తుంది, 101 అయితే 825. సొంత బరువు మీద 1,700 కిలోల సరుకెత్తే బొలెరో పికప్పుకు, షోకుకు తిరిగే జీపు టైరు తగిలించి ముచ్చటపడేవాళ్ళు ఈ అంకె జోలికి వెళ్ళరు. షాపాయన వేలెత్తి చూపించేది మరో గుర్తు: 'ఎం ప్లస్ ఎస్'. బురదకూ మంచుకూ పనికొస్తుందని కంపెనీ తనకు తాను ఇచ్చుకునే కితాబిది. పరీక్ష నెగ్గి తెచ్చుకున్నది కాదు. పైగా అందులోని ఎస్ కురిసే హిమానికి సంబంధించింది. గణపవరంలో ఆ సగం ఎప్పుడు వాడుకోవాలో షాపాయనే చెప్పాలి.

"ఒక సైజు పెద్దదేయిస్తే లుక్కండీ" అనే సలహా కొసరుగా వస్తుంది. చుట్టుకొలత పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, గేరు బలం తగ్గుతుంది. బండి కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా పొంగినప్పుడు, అన్ని రకాల టైర్లూ సమానమయ్యాయి. పారే నీళ్ళలో బండి తేలితే బటన్ లోతు ఎంతుంటే ఏం లాభం? అప్పుడు పనికొచ్చినవి పడవలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఇసుజు వి-క్రాస్ పికప్పు మన శ్రీసిటీలోనే తయారవుతుంది. అది కూడా మడ్ టైర్లతో ఫ్యాక్టరీ గేటు దాటదు. పద్దెనిమిది అంగుళాల చక్రాల థార్ షోరూము నుంచి వచ్చేది ఆల్ టెరైన్ టైర్ల మీదే. కంపెనీ ఇంజనీర్లకు అంతుపట్టని రహస్యమేదో షాపాయనకు తెలిసిందన్నమాట.

గట్ల మీద ఏళ్ళుగా పికప్పు తోలే డ్రైవర్ల లెక్క ఇంత గంభీరంగా ఉండదు. రాత్రి వాన కురిస్తే పొద్దున్నే లోడెత్తరు, ఎండ తగిలి గట్టు పైపొర ఆరేదాకా ఆగుతారు. తప్పదంటే సగం బస్తాలే వేసుకుని రెండు ట్రిప్పులు తిరుగుతారు. మలుపుల దగ్గర గ్రావెల్ పోయమని చెరువు యజమాని ప్రాణం తీస్తారు. వెనక చక్రాలకు బరువంకె సరిపోయే, ఓ మోస్తరు లోతు బటనున్న లోడు టైర్లు వేయించి, గాలి సరిగా చూసుకుంటారు. అయినా దిగబడితే చక్రాల కింద గోనెసంచులు పరుస్తారు. మడ్ టైర్ల డబ్బుతో ఎన్ని ట్రిప్పుల గ్రావెల్ వస్తుందో లెక్క కట్టమంటే మాత్రం యజమానికి హఠాత్తుగా ఫోను వస్తుంది.

ఏ టైరు బురదలో దిగుతుందో ఢిల్లీ వాళ్ళకు కూడా తెలిసినట్టే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పికప్పులకూ జీపులకూ వేసే కొత్త టైర్లకు 28 నుంచి 18 అయింది. పేరులో బురద ఉన్నా మడ్ టైరు ఈ పద్దెనిమిది ఖాతాలోనే పడింది. ఆ తగ్గిన పది శాతాన్ని చూపించి "ఇంతకంటే చవక మళ్ళీ రాదండీ" అని షాపాయన కొత్త పాట ఎత్తుకున్నా ఆశ్చర్యం లేదు.