ఇంకో ఐదువేలు

సిద్దిపేటలో గాలిని కోసుకుపోయే ఏరో రోడ్ సైకిల్ గురించి ఎవరికి సందేహం వచ్చినా అడగాల్సిన మనిషి ఒక్కడే. ఆయనకు ఏరో సైకిల్ లేదు.

ఇలాంటి మనిషి ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒకడుంటాడు కాబట్టి అసలు పేరుతో పనిలేదు. ఊళ్లో ఏరోసారు అంటారు, మనమూ అదే అందాం. నలభై దాటిన వయసు, సర్కారు కొలువు, ఇంటి లోను. పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద కనిపిస్తాడు. వచ్చినవాళ్లంతా వేలాడే వంతెన దగ్గర ఫొటోలు దిగుతుంటే ఈయన గాలి ఎటు నుంచి కొడుతోందో చూస్తుంటాడు.

కోరిక పెద్దదేం కాదు. రోజూ తొక్కడానికి, అప్పుడప్పుడు ట్రయాథ్లాన్‌కు పనికొచ్చేలా, జేబుకు తూట్లు పడకుండా ఒక ఏరో సైకిల్. ట్రయాథ్లాన్ అంటే ఆయన మనసులో ఉన్నది 2019లో గోవాలో మొదలైన హాఫ్ ఐరన్‌మ్యాన్. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. ఈతకు ఢోకా లేదంటాడు. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చిన ఈత. బావిలో ఎంతసేపు ఈదినా గుండ్రంగానే తిరగాలి కదా, ఈయన సముద్రంలో తిన్నగా పోతాడా అన్నది మిత్రుల అనుమానం.

లెక్క నలభై వేలతో మొదలైంది. ఆ డబ్బుకు ఏరో రాదు, మామూలు రోడ్ సైకిల్ చూసుకోవాలి. ఇంకో ఐదువేలు పెడితే క్లారిస్ గేర్ల బదులు సోరా అంటారు. సోరా దాకా వచ్చినవాడు టియాగ్రాను చూడకుండా ఉండలేడు. టియాగ్రా దగ్గర నిలబడితే 105 కనబడుతుంది. 105 అంటే ఇక చాలు, మధ్యతరగతికి మోక్షం అని పెద్దలు చెప్పారట. ఆ పైన అల్టెగ్రా ఉందని ఆయనకు తెలుసు. డ్యూరా ఏస్ పేరు వినబడితే మాత్రం చెంపలేసుకుంటాడు. అలా ఐదువేలు ఐదువేలుగా లక్షన్నర దాటాక నెల వాయిదా గుర్తొచ్చి, వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టు, మళ్లీ నలభై వేల గడిలోకి దిగుతాడు. ఈలోగా కంపెనీవాళ్లు కొత్త మోడల్ వదులుతారు. చదువు మళ్లీ మొదటినుంచి.

చదువని ఊరికే అనడం లేదు. ఆయన చెప్పే మాటల్లో తాలు తక్కువ. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని నెట్టడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు. ఆ అడ్డులో నాలుగింట మూడొంతుల దాకా తొక్కే మనిషి ఒళ్లే, సైకిల్ వాటా మిగిలిన కొంచెమే. అంచేత లక్ష పోసి ఫ్రేమ్ మార్చేకంటే, ముందు మన కొలతకు సరిపోయే సైకిల్ ఎంచుకుని, హ్యాండిల్‌కు బిగించుకునే ఏరో బార్లు నాలుగైదు వేలవి వేసుకుని, వాటి మీద మోచేతులు ఆనించి వంగడం నేర్చుకుంటే రూపాయికి ఎక్కువ లాభం. ఇది చెబుతూ తానూ వంగి చూపిస్తాడు. సగం వంగాక మోకాలికీ ఛాతీకీ నడుమ పొట్ట అడ్డొస్తుంది. "మిగతాది మీరే ఊహించుకోండ్రి" అని లేస్తాడు.

ఆయనకు ప్రాణమైన కథ 1989 టూర్ ద ఫ్రాన్స్. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరుగా గడియారంతో పందెం. అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. అతని సైకిల్‌కు కొత్తరకం ఏరో బార్లు, నెత్తిన కోసుగా ఉన్న హెల్మెట్. ముందున్న లారాంట్ ఫిన్యోన్‌కు ఆ రెండూ లేవు, పైగా వెనక పిలక ఎగురుతోంది. మొత్తం టూర్ 8 సెకన్లతో లెమాండ్ గెలిచాడు. కట్ట మీద ఈ కథ విన్న కుర్రాళ్లలో కొందరు మరుసటి వారమే బార్లు తెప్పించుకున్నారు. ఏరోసారు గుండు కొట్టించుకున్నాడు. ఇంట్లో కొమురవెల్లి మల్లన్న మొక్కు అని చెప్పాడు.

ఆయనకు దీటైనవాడు ఊళ్లో ఒక్కడే, అందరూ కాక అని పిలిచే సైకిల్ మెకానిక్. ఎవరిదో ఏరో సైకిల్ పంచరై వస్తే ఇద్దరూ చెరోవైపు చేరారు. ఏరోసారు కింది గొట్టం మీద చెయ్యి పెట్టి, ముందువైపు కోలగా, వెనక తెగ్గోసినట్టు ఉండటంలోని శాస్త్రం విప్పుతున్నాడు. కాక వేరే లెక్కలో ఉన్నాడు.

"స్టాండేది సారూ?"

"ఉండది కాకా."

"మడ్గార్డు? క్యారేజీ? బెల్లు?"

"ఏదీ ఉండది. గాలికి అడ్డం."

"ఇన్ని తీసేసినంక ధర తగ్గాలె గద. పెరుగుడేంది?"

ఏరోసారు దగ్గర జవాబు లేని ప్రశ్న నాకు తెలిసి ఇదొక్కటే. నా దగ్గరా లేదు. కాక అంతటితో ఆగలేదు. బ్రేకు పైపులు హ్యాండిల్ లోంచి ఫ్రేమ్‌లోకి దూరిపోయి బయట ఎక్కడా కనబడటం లేదని తేల్చి, "మరి చెడిపోతే?" అన్నాడు. హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్‌లో ఒక బేరింగ్ మార్చాలన్నా పైపులు ఊడదీయాల్సి రావచ్చు, అందుకు హైదరాబాద్ దాకా మోసుకుపోవాలి. ఏరోసారు నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: తీగలు బయటికుండాలె.

ఆ నోట్‌బుక్‌లో ఇంకా ఉన్నాయి. 28 మిల్లీమీటర్లకు తక్కువ కాని టైరు పట్టాలి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచుకు రాళ్లు పేరుస్తారు. ఇరుకు టైరుతో దాని మీదికెక్కితే సైకిల్ ఒకపక్క, మనమొకపక్క. లోతు రిమ్ముల చక్రాలు చూడ్డానికి బాగుంటాయి గాని, చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ కట్ట మీద పక్కగాలి కొడితే ముందుచక్రం మన మాట వినదు. రాజీవ్ రహదారి మీద లారీ దాటిపోయినప్పుడూ అంతే. హైదరాబాద్ ఔటర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ లాగా మనకు సోలార్ పలకల నీడ ఉందా, పోనీ వేగంగా పోనిచ్చే రోడ్డుందా? స్పీడ్ బ్రేకర్‌కు స్పీడ్ బ్రేకర్‌కు మధ్య ఎంత ఏరో పనిచేస్తుంది? సైకిల్ దుకాణంలో ఈ మాట చెప్పరు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

ఇంటామెకు ఈ శాస్త్రంతో పేచీ లేదు. నేను వెళ్లినప్పుడు సకినాల పళ్లెం ముందు పెట్టి, "అన్నా, మీరన్న ఆ సైకిల్ కొనిపియ్యుండ్రి. కొంటె బయట తిరుగుతడు. కొనక ఇంట్లనే తిరుగుతుండు" అంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏరో కొన్నవాడిని సలహా అడిగితే తాను కొన్నదే కొనమంటాడు, లేకపోతే తన లక్ష ఏమైనట్టు? ఏమీ కొననివాడికి ఆ బాధ లేదు. ఊళ్లో పొద్దున గుంపుగా తొక్కే కుర్రాళ్లలో చాలామంది సైకిళ్లు ఏరోసారు చూసిపెట్టినవే. సీటు ఎత్తు కూడా ఆయనే సరిచేశాడు. వాళ్లు దాటిపోతుంటే తన పాత అట్లాస్ దిగి, ఒక్కొక్కరి మోకాలు ఎట్లా వంగుతోందో చూస్తాడు.

పోయిన నెల ఒక సెకండ్‌హ్యాండ్ తగిలింది. అల్యూమినియం ఏరో ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, 105 గేర్లు, బయటికి కనబడే తీగలు, 28 టైర్లు. కొలత సరిగ్గా ఆయనదే. ధర నలభై వేలు. నోట్‌బుక్‌లోని గీతలన్నీ ఒక్కదాంట్లో కలిశాయి. తోడుకు నేనూ పోయాను. ఫోర్క్ మొదట్లో వేళ్లు పెట్టి పగులుందేమో వెతికాడు. చక్రం తిప్పి వంకర చూశాడు. చైన్ సాగిందేమో కొలిచాడు. ఎక్కి సందు చివరిదాకా పోయి వచ్చాడు. ముఖంలో ఒక్క వంక కూడా దొరకని దిగులు.

"తీసుకుంటవా అన్నా?" అన్నాడు అమ్మే పిల్లగాడు.

"తీసుకునుడే" అని ఏరోసారు ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "తమ్మీ, పైసలు పట్టుకొని జల్ది రా. నీది నా ఎత్తే గద. గిసొంటిది మల్ల దొరకది."