దుర్ముఖి నామ సంవత్సరపు టైర్లు

మా బావ 2025లో విశాఖ స్టీల్ ప్లాంటులో వీఆర్ఎస్ తీసుకున్నాడు. ఆ డబ్బుల్లో కొంత తీసి ఇంకో వీఆర్ఎస్ కొన్నాడు. రెండోది కారు లెండి. స్కోడా వాళ్లు 2011లో మన దేశంలో దించిన లారా వీఆర్ఎస్, సెకండ్ హ్యాండ్‌ది. 160 గుర్రాల బలం. మా గోపాలపట్నం రోడ్ల మీద అందులో పది గుర్రాలకి మించి పని దొరకదు. ఎన్ఏడీ జంక్షన్ చేరేసరికి ఆ పది కూడా ఆటోల వెనక నిలబడి పొగ మేస్తాయి.

కొన్న వారంలోనే సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ జరిగింది. ముహూర్తం పంతులుగారు పెట్టారు. రంగు మా అక్క జాతకానికి కలిసింది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయి. జాతకం చూడనిది ఆ టైర్లకే.

దానికి పంచాంగం కూడా అక్కర్లేదు. టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగంకెల్లో ముందు రెండూ వారం, తర్వాత రెండూ ఏడాది. నేను వంగి చదివితే 1416. అంటే 2016లో పద్నాలుగో వారం. ఏప్రిల్ 8న ఉగాది వచ్చి దుర్ముఖి నామ సంవత్సరం మొదలైన వారం. పేరుకి తగ్గట్టే ముఖం నిండా పగుళ్లు.

"గాడి సూడరా బామ్మర్దీ, నాలుగు మిల్లీమీటర్లుంది. అరిగితే గదా మార్చాల! టైరుకి వయసేటి?" అన్నాడు బావ.

గాడి లెక్క నిజమే. చట్టం 1.6 మిల్లీమీటర్లుంటే చాలంటుంది. కానీ ఇలాంటి బండికి వేసే టైరులో డబ్బు పెట్టేది రబ్బరు మెత్తదనం కోసం. రోడ్డుని పట్టుకునేది ఆ మెత్తదనమే. ఎండా ఓజోనూ కలిసి ఏడాదికింత చొప్పున దాన్ని గట్టిపరుస్తాయి. పగుళ్లు ఆపడానికి రబ్బరులో మైనం కలుపుతారు. టైరు తిరిగి నలిగితేనే ఆ మైనం సరిగ్గా పైకొస్తుంది. బావ కారేమో వారానికి ఆరు రోజులు ముసుగు తన్ని పడుకుంటుంది.

"వాడందే ఎలా పాడవుద్ది?" అన్నాడు మళ్లీ. కదలకుండా ఉన్నది క్షేమంగా ఉంటుందని నమ్మడం ఎలాంటిదో పక్కనున్న ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున చూశాం. లాక్‌డౌన్‌లో ఊరికే నిలవున్న స్టైరీన్ ట్యాంకు నుంచి విషవాయువు లీకై మనుషులు పోయారు. దాని మీద వ్యంగ్యం రాయను.

టైర్ల కంపెనీలు అయిదేళ్లు దాటాక ఏటా చూపించమంటాయి, పదేళ్లకి చూడ్డానికి బాగున్నా తీసెయ్యమంటాయి. కార్ల కంపెనీల్లో కొన్ని ఆరేళ్లే అంటాయి. సినిమా నటుడు పాల్ వాకర్ 2013లో పోయిన పోర్షే కారుకి ఉన్నవి తొమ్మిదేళ్ల టైర్లు. ప్రమాదానికి కారణం వేగమని తేల్చిన విచారణాధికారులు, ఆ టైర్ల వయసునీ వదల్లేదు.

బావ టైర్ల తప్పేముంది? మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఆ జీవో తమకీ వర్తిస్తుందని అనుకుని ఉంటాయి. వీఆర్ఎస్ పుచ్చుకున్న మనిషి, తన టైర్లకి మాత్రం ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ ఇచ్చుకుంటూ పోయాడు.

తొలకరి పడిన సాయంత్రం ఇద్దరం సింహాచలం కొండ దిగి వస్తున్నాం. మలుపులో బావ బ్రేకు తొక్కాడు. బ్రేకు పట్టింది, కారు ఆగలేదు. రోడ్డు పక్కనున్న మురీ మిక్సర్ బండికి జానెడు ఇవతల, అప్పన్న దయవల్ల ఆగింది. బండివాడు ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "టైర్లు ముసిలైపోనాయి బాబూ" అన్నాడు, కారు వైపు తలెత్తకుండానే.

నేను నెల రోజులుగా చెప్పింది ఎక్కలేదు గానీ, పది రూపాయల మిక్సర్‌తో పాటు వచ్చిన ఆ మాట ఎక్కింది. మర్నాడే కొత్తవి వేయించాడు. కొట్టువాడు మొదట తెచ్చిన "కొత్త" టైరు పుట్టి మూడేళ్లయిందని ఈసారి కనిపెట్టింది బావే. పాత నాలుగూ ఫిషింగ్ హార్బర్‌లో ఓ బోటు పక్కన వేలాడుతున్నాయి. గోడకి గుద్దుకోవడమే అక్కడ వాటి ఉద్యోగం.

మీ కారు దగ్గరికీ ఓసారి వెళ్లి రండి. అంకెలు బయటివైపు కనబడకపోతే లోపలివైపు ఉంటాయి. పాత లుంగీ కట్టుకుని, టార్చి పట్టుకుని వంగండి.